నాలుగు బోల్టుల మీద ఎర్రగీతలు

"ఛీ," అన్నాడు పెద్దాయన.

మరదలు సైకిల్‌ని దుకాణంలోకి నడిపించుకొచ్చి అప్పుడే స్టాండు వేసింది. చెయ్యి ఇంకా సీటు మీదే ఉంది.

"తిట్టేది సైకిల్‌నా బావగారూ, నన్నా?"

"నిన్నెందుకంటానమ్మా? ఈ బోల్టుల్ని. చూడు, నాలుగిటి తలల్లోనూ నక్షత్రపు గుంటలే. బోల్టుకి షోకులేమిటి? ఆరు పలకల గుంటతో లోకమంతా సవ్యంగానే నడిచింది కదా!"

సైకిల్ ఆయన తమ్ముడిది, అంటే ఆవిడ భర్తది. దుకాణం ఇద్దరిదీ. మూడు నెలల క్రితం ఒక మంగళవారం పొద్దున, చక్రానికి టైరు ఎక్కిస్తూ ఎక్కిస్తూనే తమ్ముడు పక్కకి ఒరిగి ప్రాణం విడిచాడు. అప్పటినుంచి పెద్దాయనకు ఏదీ సయించడం లేదు. గ్రీజు కంపు సయించదు. టీ గ్లాసు మీద తేలే జిడ్డు సయించదు. పంక్చరు వేయించుకోవడానికొచ్చి, గొంతు తగ్గించి "పాపం, మంచి పనివాడు" అని, ఆ వెంటనే మామూలు గొంతుతో "గాలి కూడా చూడండి" అనేవాళ్ళు అసలు సయించరు. అన్నిటికంటే ఎక్కువగా ఈ నక్షత్రపు తలలు. కొత్త సైకిళ్ళలో డిస్కు బ్రేకు పళ్ళేనికి అవే, హ్యాండిల్‌కి అవే. ఉన్న ఆరు పలకల అలెన్ కీలన్నీ పనికిరాకుండా చేయడానికి ఎవడో పనిగట్టుకుని కనిపెట్టాడని ఆయన నమ్మకం.

"రేపటి నుంచి దీని మీదే బడికి వెళ్తాను," అంది మరదలు. ఆవిడ టీచరు. కొత్త బడికి బదిలీ అయింది, అటు బస్సు లేదు. "ఆయన చేతులు పొడుగు. నాకు బ్రేకు అందడం లేదు. హ్యాండిల్‌ని కాస్త నా వైపు తిప్పితే చాలు. మీకు కుదరకపోతే చెప్పండి, స్టేషన్ దగ్గర దుకాణంలో ఇస్తాను."

"వాడా? వాడి చేతికిస్తే మరలన్నీ తినేసి పంపిస్తాడు."

"మరి మీరే చెయ్యండి."

హ్యాండిల్ తిరగాలంటే దాన్ని బిగించిన ముందువైపు ఇనప పలక వదులవ్వాలి. పలక వదులవ్వాలంటే నాలుగు బోల్టులూ తిరగాలి. ఒక్కో బోల్టు తల మీంచి పలక మీదికి వెంట్రుకంత ఎర్రగీత ఉంది. అది తమ్ముడి అలవాటు. బోల్టు బిగించాక, భార్య గోళ్ళరంగుతో అలా గీసేవాడు. బోల్టు రవ్వంత కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. "నెల తర్వాత ఒకసారి చూపించండి, గీత కదిలిందేమో చూద్దాం," అని ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఊళ్ళో తిరిగే సైకిళ్ళ మీద ఆ గీతలు ఎన్నో ఉండేవి. అవీ ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి.

పెద్దాయన గీతల్ని చూశాడు. చూడనట్టే వెనక్కి తిరిగి పనిముట్ల పెట్టె లాగాడు.

గోడ మేకుకి గుడ్డచుట్ట ఒకటి వేలాడుతోంది. తమ్ముడి స్టార్ కీలన్నీ దాంట్లో ఉన్నాయి. ఆ చుట్ట వైపు ఆయన చెయ్యి చాచలేదు. పెట్టెలోంచి తన నాలుగో నంబరు అలెన్ కీ తీసి, మొదటి బోల్టు నక్షత్రంలో ఆనించి, సుత్తితో కొట్టాడు.

"బావగారూ, అది దానిది కాదు కదా?"

"దిగితే దానిదే."

పక్క దుకాణం టైలరు మిషను ఆపి తొంగిచూశాడు. "ఏంటన్నా, పొద్దున్నే చుక్కలు కనిపిస్తున్నాయా?"

"నీ సూదీ దారం చూసుకోవయ్యా!"

ఇంకో రెండు దెబ్బలు. కీ దిగింది. బలమంతా పెట్టి తిప్పాడు. ఒక్క క్షణం పట్టినట్టే పట్టి, గర్రుమని జారింది. ఆయన పిడికిలి వెళ్ళి పలక అంచుకి గుద్దుకుంది. తోలు లేచింది. బోల్టు లోపల నక్షత్రం లేదు, ఆరు పలకలూ లేవు. ఎలుక కొరికినట్టు గుండ్రటి బొక్క, దాని చుట్టూ మెరిసే ఇనప పొట్టు. పైన ఎర్రగీత సగం చెరిగి, రక్తంతో కలిసి ఏది ఏదో తెలియకుండా పోయింది.

ఆయన ఆ బొక్కనే చూస్తూ నిలబడ్డాడు. పని నేర్చుకునేవాడు ఎవడైనా ఇలా చేస్తే దుకాణం గడప ఎక్కనిచ్చేవాడు కాదు. "ఆరు పలకలవి జారతాయన్నా, దీనికి పట్టు ఎక్కువ," అని తమ్ముడు అన్నప్పుడల్లా, "చేతకానివాడికి జారుతుంది," అని నోరు మూయించేవాడు. తన చేతులు చూసుకుంటేనే రోత పుట్టింది.

"కుళాయి కింద పెట్టండి," అంది మరదలు.

"ఏం అక్కర్లేదు."

"అక్కర్లేదని రక్తానికి చెప్పండి."

కడుక్కుని వచ్చేసరికి ఆవిడ గోడ మీది గుడ్డచుట్ట దించి బల్ల మీద పరిచింది. ఒక్కో కీ ఒక్కో అరలో, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"కోపం బోల్టు మీద కాదు కదా?" అంది, కీల మీంచి కళ్ళు ఎత్తకుండా. "తిప్పితే గీత పోతుందని."

పెద్దాయన గుడ్డముక్క పిడికిలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"నాకూ అంతే," అంది ఆవిడ. "రెండు వారాలు వరండాలో పెట్టుకుని చూశాను. వదిలేస్తే గొలుసు తుప్పు పడుతోంది. అదీ చూడలేకపోయాను."

ఒక కీ తీసి అందించింది. "మిగతా మూడింటికి ఇరవై అయిదో నంబరు. పాడైనదానికి ఒక సైజు పెద్దది, ఇరవై ఏడు, కొట్టి దించాలి. ఆయన భోజనాల బల్ల మీద ఇవన్నీ పరిచి, అన్నం చల్లారేదాకా చెప్పేవారు. వినకపోతే ఊరుకునేవారా?"

ఆవిడ హ్యాండిల్ కదలకుండా పట్టుకుంది. పెద్దాయన ఇరవై ఏడో నంబరు కీని ఆ బొక్కలోకి సుత్తితో దించాడు. నక్షత్రపు అంచులు చెడిపోయిన ఇనుముని కోసుకుంటూ తమ దారి తామే చేసుకున్నాయి. తిప్పాడు. జారలేదు. టక్కుమని బోల్టు లొంగింది.

మిగతా మూడూ ఇరవై అయిదుకి వెన్నలో చెంచా తిరిగినట్టు తిరిగాయి. ఒక్కో గీతా నడిమికి విరిగి, ఒక ముక్క పలక మీదా ఒక ముక్క బోల్టు మీదా మిగిలింది. ఇంత సులువుగా రావడం కూడా ఆయనకు నచ్చలేదు.

"మంచి పనిముట్టే, దరిద్రం," అన్నాడు.

మరదలు సీటెక్కి కూర్చుని బ్రేకుల మీద వేళ్ళు పెట్టింది. ఆయన హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకాస్త అంది. ఇప్పుడు చాలంది. పాడైన బోల్టు స్థానంలో వేయడానికి డబ్బాలో స్టార్ తల ఒక్కటీ దొరకలేదు. ఆరు పలకలది ఉంది. అదీ, మిగతా మూడూ బిగించి, వెనక్కి జరిగి చూశాడు. మూడు నక్షత్రాలు, మూలన ఒక ఆరు పలకలది. పళ్ళవరసలో కట్టుడు పన్నులా ఉంది.

"ఇంత రోత పని ఈ దుకాణంలోంచి ఎప్పుడూ బయటికి పోలేదు."

"పోనివ్వండి. గట్టిగా ఉందిగా?"

"గట్టిదనానికేం, ఏనుగు లాగినా రాదు."

ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర గోళ్ళరంగు. అడుక్కి దిగి చిక్కబడిపోయింది.

"గీత మీరు గియ్యండి."

ఆయన వంగి గీశాడు. తమ్ముడిది వెంట్రుకంత ఉంటే, ఇది వానపాములా వచ్చింది. నాలుగూ అలాగే వచ్చాయి. తుడిచేద్దామని గుడ్డ అందుకున్నాడు గాని, మరదలు అప్పటికే స్టాండు తీసేసింది.

పీకిన బోల్టు బల్ల అంచున పడి ఉంది. తల మీద చెరగని సగం గీత అంటుకునే ఉంది. దాన్ని చెత్త డబ్బాలో వేయబోయి, గుడ్డచుట్టలో ఇరవై ఏడో నంబరు కీ పక్కన పెట్టాడు.

"నెల తర్వాత తీసుకురామ్మా. గీత కదిలిందేమో చూడాలి."

అన్నాక గాని తన నోట్లోంచి వచ్చిందేమిటో ఆయనకు తెలియలేదు. మరదలు గడప దగ్గర ఆగింది. వెంటనే తిరగలేదు. బ్రేకు ఒకసారి నొక్కి చూసి, అప్పుడు తిరిగింది.

"చూడ్డానికా బావగారూ, చూసి ఛీ అనడానికా?"

"రెండిటికీ," అన్నాడు పెద్దాయన.