అబ్రహాము పగ

అబ్రహాము చిన్న గాజు గ్లాసులు ఒక్కొక్కటే సబ్బునీళ్లలో కడిగి, వెలుతురుకెత్తి చూసి, చెక్క ట్రే గుంటల్లో దించుతున్నాడు. రేపు పటమట చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారపు ఆదివారం. ఇరవై రెండేళ్లుగా ఈ పని అతనిదే. ముడతలు పడ్డ ఆ వేళ్లలోంచి ఇప్పటికీ ఒక్క గ్లాసూ జారదు. కానీ తొమ్మిదేళ్లుగా వాటిలో ద్రాక్షరసం అతను ముట్టలేదు. మనసులో పగ ఉన్నవాళ్లు ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని ప్రతిసారీ చదువుతారు. తనకు పగ ఉందని అతనికతనే తీర్పు చెప్పుకుని, దానికి కట్టుబడ్డాడు.

పగ తమ్ముడు ఇశ్రాయేలు మీద. అబ్రహాము భార్య పోయిననాడు, అదే ఊళ్లో భవానీపురంలో ఉండి కూడా తమ్ముడు శవపెట్టె మొయ్యడానికి రాలేదు. అప్పట్నుంచి మాటల్లేవు.

కొత్త పాస్టరు జయపాల్ ఇవాళ ట్రేలు చూడవచ్చి, మీరెందుకు సంస్కారం తీసుకోరని అడిగాడు. అబ్రహాము అంతా చెప్పాడు.

"పగంటే ఎదుటివాడు చెడిపోవాలని కోరుకోవడమండీ. వాడికి కీడు జరిగితే లోపల సంబరపడటం. మీకెప్పుడైనా అలా అనిపించిందా?"

నిరుడు ఇశ్రాయేలు బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అబ్రహాము మూడుసార్లు సిటీ బస్సెక్కి ఆసుపత్రికెళ్లి, వార్డు బయటే నిలబడి, నర్సునడిగి తిరిగొచ్చాడు. ఆ సంగతి గొణిగాడు.

"ఇది పగ కాదండీ, అలక," అని నవ్వాడు పాస్టరు.

డెబ్బై దాటినవాడికి సిగ్గేసింది. గుండె తేలికపడింది కూడా. సాయంత్రం వానలోనే భవానీపురం వెళ్లాడు.

ఇశ్రాయేలు మంచం మీద సగమైపోయి ఉన్నాడు. అతని కోడలు శాలిని ఇద్దరికీ టీ ఇచ్చింది. కాసేపు వాన గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత తమ్ముడే అన్నాడు.

"ఆ రోజు మీ వీధి మలుపు దాకా వచ్చానన్నయ్యా. వదిన్ని పెట్టెలో చూడలేక వెనక్కెళ్లిపోయా."

అమ్మ పోయాక ఇశ్రాయేలును పెంచింది వదినే. తన దుఃఖంలో పడి అబ్రహాముకి ఇన్నేళ్లూ ఆ సంగతే తోచలేదు. తమ్ముడి కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

లేస్తుంటే ఇశ్రాయేలు శాలినితో తన గొడుగు ఇప్పించాడు.

"రేపు చర్చయ్యాక ఇటే రా. అప్పుడిద్దువుగాని."

ఆదివారం అబ్రహాము అందరితోపాటు మోకరించి గ్లాసందుకున్నాడు. ద్రాక్షరసం ఇంత తియ్యగా ఉంటుందని మర్చేపోయాడు. బయటికి రాగానే శాలిని ఫోన్ చేసింది. టిఫిన్ తిని పడుకున్న మావయ్యగారు మళ్లీ లేవలేదని చెప్పింది.

మర్నాడు పెట్టె లేపుతుంటే, ఎంతమంది వద్దన్నా ముందువైపు భుజం పెట్టింది అబ్రహామే. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. శనివారం రాత్రి వరండాలో ఆరబెట్టి, చర్చికి పట్టుకెళ్లడం మరిచిన ఇశ్రాయేలు గొడుగు తెరిచినది తెరిచినట్టే ఉంది.