కిటికీ దగ్గర కూర్చున్న మనిషి

అతను వారమంతా ఫర్నిచర్ షాపులో మంచాలకు మేకులు కొట్టేవాడు, ఆదివారాలు రాక్ బ్యాండులో డ్రమ్ములు కొట్టేవాడు. ఏది కొట్టినా పక్క వీధికి వినబడేలా కొట్టేవాడు కాబట్టి అందరూ పిడుగు అని పిలిచేవారు. రెండింటికీ తేడా ఏముందని భార్య దెప్పితే, "మంచం చప్పట్లు కొట్టదుగా" అనేవాడు.

గిటారు వాయిస్తూ పాడేది అతని బావమరిది. అమ్మానాన్నా పోయాక చిన్నతనంలోనే అక్క వెంట ఈ ఇంటికొచ్చి ఇక్కడే పెరిగాడు. వీళ్ల పాటలన్నీ గోలతో మొదలై అంతకన్నా పెద్ద గోలతో ముగిసేవి. జనం వచ్చేవారు, గంతులేసేవారు, గుమ్మం దాటాక ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. చివరికి వాళ్లు వాయించే హాలు మేనేజరుకే విసుగొచ్చి, "చెవులకు కాస్త ఊపిరాడే పాట ఒక్కటైనా కట్టండి బాబూ" అని బతిమాలాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే, కార్లు కడిగే షెడ్డు వెనక వాళ్లు సాధన చేసుకునే గదిలో, బావమరిది కొత్త పాటతో తయారయ్యాడు.

"బావా, రెండో చరణం అయ్యేదాకా నీకు పని లేదు."

"అంతసేపూ దిష్టిబొమ్మలా కూర్చోవాలా?"

"కూర్చో. ఆ తర్వాత గోడలు కూలేలా కొట్టు, నీ ఇష్టం."

పిడుగు ముఖం ముడుచుకుని చేతులు కట్టుకున్నాడు. గిటారు మెల్లగా మొదలైంది. ఇన్నేళ్లలో తన చప్పుడు అడ్డం లేకుండా బావమరిది మాటలు వినడం అతనికదే మొదటిసారి.

*వెళుతూ వెనక్కి చూడలేదు నేను, చూసుంటే వెళ్లగలిగేవాణ్ణా? కిటికీ దగ్గర కూర్చున్నావు, దీపమైనా ఆర్పలేదు నువ్వు...*

పిడుగుకు ఎక్కడో కలుక్కుమంది. పదిహేడేళ్లప్పుడు ఈ కుర్రాడు అక్కతో గొడవపడి ఇల్లు వదిలిపోయి, వారం తర్వాత ఒక రాత్రి మాసిన బట్టలతో తిరిగొచ్చాడు. ఆ వారమంతా ముందుగదిలో దీపం వెలుగుతూనే ఉంది. అంటే పాట ఎవరో ప్రియురాలి మీద కాదన్నమాట! తన వంతు వచ్చేసరికి ఆ వారం బరువంతా కర్రల్లోకి దించి కొట్టిన దెబ్బకి రెండో గిటారిస్టు టీగ్లాసు బల్లమీంచి దొర్లిపోయింది.

హాల్లో మొదటిసారి పాడినప్పుడు జనం కిక్కురుమనలేదు. డ్రమ్ములు పడగానే ఒక్కసారిగా ఫోను దీపాలు పైకి లేచాయి. ముందువరసలో జంటలు కళ్లు తుడుచుకున్నాయి. నెల తిరక్కుండా పాట బస్సుల్లో, క్షౌరశాలల్లో, రేడియోలో మారుమోగింది. ఆ కిటికీ పిల్ల ఎవరని ఊరంతా ఒకటే ఆరా.

ఇంట్లో ఆరా ఇంకా ఎక్కువైంది. "నాకు చెప్పకుండా ఎవరినండీ ప్రేమించాడు వీడు? అలా దీపం పెట్టుకుని కూర్చున్న పిల్లని వదిలేసి వస్తాడా? బుద్ధుందా వాడికి?" అని భార్య పిడుగును రోజూ వాయించేది. పాట సగం సగమే చెవిన పడేది ఆమెకి. డ్రమ్ముల మోత ఇంట్లోనే చాలని ఆమె ఏనాడూ హాలుకు వెళ్లలేదు.

"ఒక్కసారి వచ్చి మొత్తం విను. అంతా తెలుస్తుంది" అన్నాడు పిడుగు.

వచ్చింది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని చివరి వరసలో కూర్చుంది. కచేరీ అయ్యాక వేదిక వెనక గదిలోకి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడింది. వాడు గిటారు తీగలు తుడుస్తూ తల ఎత్తలేదు.

"కిటికీ దగ్గర కూర్చున్నానని ఎవరు చెప్పార్రా నీకు?"

"తిరిగొచ్చిన రాత్రి దీపం వెలుగుతూ ఉంటే... అనుకున్నానక్కా."

"దీపం పెట్టింది నువ్వు ఇల్లు పోల్చుకోవాలని. నేనెక్కడ కూర్చున్నాను? రోజూ బస్టాండుకెళ్లి, వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి సీటు సీటుకీ చూశాను. ఒక కండక్టరైతే టిక్కెట్టు తీయమని దెబ్బలాడాడు."

పిడుగు నోరు తెరిచాడు. "దర్జీ దగ్గరికి వెళ్తున్నానన్నావు కదే!"

"వారం రోజులు దర్జీ దగ్గర ఏం పని ఉంటుందండీ ఎవరికైనా? మీరూ నమ్మారు."

తమ్ముడు గిటారు పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "మార్చేస్తానక్కా. బస్సులని రాస్తాను."

"వద్దురా. కిటికీ అంటేనే అందంగా ఉంది. బస్సులెక్కి దిగే మనిషి కోసం దీపాలెవరు ఎత్తుతారు?" అని, తల వంచుకున్న వాడి జుట్టు గట్టిగా నిమిరి, "జుట్టు కత్తిరించుకో" అంది.

అలా పాటలో కిటికీ మాట మారకుండా ఉండిపోయింది. ఆ పిల్ల ఎవరని అడిగినవాళ్లకి బావమరిది, "నాకన్నా పెద్దది, చేయి దురుసు" అని మాత్రం చెప్పేవాడు. దాంతో పుకార్లు ఇంకా పెరిగాయి. ఆ ఊపులో బ్యాండు ఇంకో రెండు నెమ్మది పాటలు కట్టింది గానీ ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు.

ఆమె హాలుకు వచ్చిన ఆ సాయంత్రం మాత్రం ముగ్గురూ షాపు వ్యానులో ఇంటికి బయల్దేరారు. వెనక చోటు చాలక డ్రమ్ముల సెట్టులోని పెద్ద ఇత్తడి తాళపు పళ్లెం ఆమె ఒళ్లో పెట్టారు. గతుకు వచ్చినప్పుడల్లా అది ఝల్లుమనేది. "కాస్త చూసి నడపండి!" అని ఆమె కసిరేది. తమ్ముడు నవ్వేవాడు.