గురక మరిది నిద్ర పరీక్ష

బొంతలు కుట్టే వదినకు ఆ రోజుతో ఏదో ఒకటి తేలిపోవాలి. కొండలెక్కేవాళ్ల సంఘం నలభై బొంతలు తీసుకుంటానంది. లేకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. సంఘం షరతు ఒక్కటే. ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఫ్రీజర్ గదిలో, ఆమె బొంతలో ఒక మనిషి గంటసేపు నిజంగా నిద్రపోవాలి. ఒంటి వేడి ముప్పై ఆరు డిగ్రీల కిందికి దిగకూడదు.

నిద్ర అనగానే ఆమెకు మరిది గుర్తొచ్చాడు. ఇంట్లో ఏ పని చెప్పినా నిమిషంలో గురకపెట్టగల మనిషి. వీధంతా అతన్ని గురక అనే పిలుస్తుంది.

మధ్యాహ్నం గురక బొంతలో దూరాడు. రెండు నిమిషాలకే గది దద్దరిల్లింది. అద్దం ఇవతల వదిన ఊపిరి పీల్చుకుంది. సంఘం పంపిన డాక్టరమ్మ మాత్రం అతని చంకలోంచి వచ్చే తీగ చూపే అంకెలే చూస్తోంది.

“మీ మరిది నిద్రపోలేదమ్మా.”

“ఆ మోత వినపడట్లేదా మీకు?”

“వినపడుతోంది. నిద్రపడితే ఒంటి వేడి కాస్త తగ్గాలి. అరగంటైనా తగ్గలేదు. పాదాలు చల్లబడి ఉంటాయి. అవి వెచ్చబడితే గానీ కునుకు రాదు. ఇంకొక్కసారి చూద్దాం. అంతే.”

వదిన లోపలికెళ్లి బొంత అంచు ఎత్తింది. గురక ఆగలేదు.

“మరిదీ, ఇంట్లో గిన్నెలన్నీ నేనే తోమేశాను.”

గురక ఆగింది. ఒక కన్ను తెరుచుకుంది. “అయ్యో, నన్ను లేపొచ్చుగా వదినా.”

“ఇరవై ఏళ్లుగా లేపుతూనే ఉన్నాం.”

“కాళ్లు కొయ్యబారిపోయాయి. నిద్రెక్కడిది?”

వదిన వంగి తన కాళ్లకున్న ఉన్ని మేజోళ్లు విప్పింది. భర్త పోయిన ఈ మూడేళ్లలో వాటిని ఎవరికీ ఇవ్వలేదు.

“అన్నయ్యవి కదా,” అన్నాడు అతను.

“నోరు మూసుకుని పడుకో.”

ఈసారి చిన్న చప్పుడు కూడా లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. వదిన అద్దానికి ముక్కు ఆనించింది.

“ఉలుకూ పలుకూ లేదు. బతికే ఉన్నాడా డాక్టరమ్మా?”

“ముప్పై ఆరున్నర. నిద్రంటే ఇదమ్మా.”

గంట గడిచింది. అంకె ముప్పై ఆరు పాయింట్ మూడు దగ్గర నిలిచింది. డాక్టరమ్మ కాగితం మీద సంతకం చేసింది.

సాయంత్రం వదిన ఇల్లు చేరేసరికి కుట్టు మిషను మీద మేజోళ్లు మడతపెట్టి ఉన్నాయి. ఆమె వాటిని కాసేపు చేతిలో పట్టుకుని, బీరువాలో పెట్టింది.

గిన్నెలు తోమే వేళకు ముందుగదిలోంచి గురక మొదలైంది. వదిన నెమ్మదిగా వెళ్లి మరిది పాదం ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

“లే,” అంది.