లోపలివాళ్ల గాలి

ఆదివారం మధ్యాహ్నం గౌరీశంకర్ గారింట్లో భోజనాలు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన ఇల్లు ఎరగని తెలుగువాళ్లు తక్కువ. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. కొత్తగా వచ్చినవాళ్లకు అపార్ట్‌మెంట్ వెతికిపెట్టేదీ, మంచులో కారు నడపడం నేర్పేదీ ఆయనే. అలాంటి మనిషి ఆ రోజు అర్జీ ఒకటి పట్టుకుని, వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నారు.

పక్క టౌన్‌షిప్‌లో మూతపడిన పాత బంపర్ల ఫ్యాక్టరీ స్థలంలో కౌంటీ వాళ్లు ఆడఖైదీలకు కేంద్రం కట్టబోతున్నారు. శిక్ష చివరి నెలల్లో వాళ్లను అక్కడ ఉంచి, పని నేర్పి బయటికి పంపాలని ఆలోచన. అది వద్దనే ఈ అర్జీ. ఫెడరల్ న్యాయశాఖ గ్రాంటుతో కడుతున్నది కాబట్టి ముందు పర్యావరణ సమీక్ష జరగాలి. కౌంటీ ఆ పని అప్పజెప్పిన కంపెనీలో మృదుల ఇంజనీరు. అందుకే ఆమె ప్లేట్‌లో ఆ రోజు అడగకుండానే గారెలు పడుతున్నాయి.

"నువ్వు తలుచుకుంటే ఎంతసేపమ్మా!" అన్నారు గౌరీశంకర్. "అక్కడ అరుదైన కప్ప ఏదో ఉందని రాసెయ్. ప్రాజెక్ట్ దానంతటదే క్యాన్సిలైపోతుంది."

"కప్పలు లేవంకుల్. నేనే వెళ్లి చూశాను."

"లేకపోతే పిచ్చుకలు! పిల్లలు ఆడుకునే చోట క్రిమినల్స్‌ని తెచ్చి పెడతారా?"

"తిననివ్వండి పిల్లని," అని నళిని ఆంటీ భర్తను కసిరింది. అందరూ నవ్వారు. మృదులా నవ్వింది.

చదివేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ నవ్వినవాళ్లలో చెడ్డవాళ్లు లేరు. కష్టం వస్తే పరిగెత్తుకొచ్చే మనుషులే. భయం వాళ్ల కళ్లకు గంతలు కట్టింది, అంతే.

మృదుల మటుకు తన రిపోర్టు మీద నమ్మకంగా ఉంది. ఆ వృత్తిలో ఒక అలవాటుంది. కొత్త రిపోర్టును ఎవరూ ఖాళీ పేజీతో మొదలుపెట్టరు. పాతది తెరిచి, ఊళ్లూ పేర్లూ మార్చి, కొలతలు కొత్తవి వేస్తారు. మృదుల కూడా ఇలాంటి గ్రాంటుతోనే కట్టిన పోలీసు వాహనాల షెడ్డు రిపోర్టు తెరిచి పని కానిచ్చింది. వాగు, పక్షులు, ట్రాఫిక్, పొరుగిళ్ల మీద పడే లైట్ల వెలుతురు, అన్నీ చూసింది. ఫ్యాక్టరీలో గ్రీజు కడగడానికి వాడిన మందు నేలలోకి ఇంకి, ఇంకా కొద్దికొద్దిగా ఆవిరవుతోంది. అదీ కొలిచింది. హద్దు లోపలే ఉంది. ఇబ్బంది లేదని రాసింది.

ఆ వారంలోనే, నీటి వాడకం లెక్కల కోసం కౌంటీ జైలుకు వెళ్లింది. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురు ఆడవాళ్లున్నారు. కొత్త కేంద్రానికి వెళ్లబోయేవాళ్లలో టాన్యా అనే అమ్మాయి ఉంది. నిండా పాతికేళ్లు లేవు, ఐదో నెల గర్భిణి.

"అక్కడ కిటికీలు తెరుచుకుంటాయా, మేడమ్?" అని అడిగింది టాన్యా.

"తెరుచుకోవు. సెక్యూరిటీ రూల్."

"ఇక్కడా అంతే. రాత్రుళ్లు ఊపిరాడదు నాకు. పోనీలెండి, అక్కడైనా మంచి గాలి వస్తుందేమో."

కారు స్టార్ట్ చేయబోతూ మృదుల ఆగిపోయింది. పాత రిపోర్టులోంచి తను దించుకున్న ఆవిరి హద్దు ఎవరి కోసం? షెడ్డులో పనిచేసేవాళ్ల కోసం. వాళ్లు పొద్దున వస్తారు, పెద్ద తలుపులు బార్లా తీసుకుని పని చేస్తారు, సాయంత్రం ఇంటికి పోతారు. ఈ ఆడవాళ్లు రాత్రింబగళ్లు అక్కడే, మూసిన కిటికీల వెనకే ఉంటారు. మనుషులు కాపురముండే ఇళ్లకు పెట్టిన హద్దు చాలా తక్కువ. ఆ హద్దుతో చూస్తే ఈ స్థలం పనికిరాదు. కడుపులో బిడ్డ ఉన్నవాళ్లకైతే మరీ ప్రమాదం. వాగులోని చేపలకు కూడా పేజీలు కేటాయించిన రిపోర్టులో, ఆ ఇంట్లో పడుకోబోయేవాళ్ల ప్రస్తావనే లేదు. రాసింది తనే. సిగ్గుతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

పై అధికారి డగ్లస్ విని తల పట్టుకున్నాడు. "చట్టప్రకారం అది ఇల్లు కాదు మృదులా. ఇప్పుడు మారిస్తే గ్రాంటు గడువు దాటిపోతుంది."

"చట్టం ఏ పేరు పెట్టినా వాళ్లు పీల్చేది ఆ గాలే. తప్పని తెలిశాక దాని మీద సంతకం చేయలేను."

అనేసింది గాని, ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండే వీలే పోతుంది. ఆమె హెచ్1 వీసా ఆ కంపెనీ చేతిలోనే ఉంది, గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు. అయితే డగ్లస్ మొండివాడే గాని దుర్మార్గుడు కాడు. గ్రాంటు ఆఫీసుకు తనే ఫోన్ చేశాడు. "దాచకుండా ప్రజాభిప్రాయ సభలో చెప్పండి. దానికి పరిష్కారం చూపించి, కౌంటీ బోర్డు చేత ఒప్పించండి. గడువు మేం పెంచుతాం," అన్నారు అక్కడివాళ్లు. పరిష్కారం ఉంది. నేల మీద ఆవిరి చొరని మందపాటి పొర పరిచి, దాని కింద గొట్టాలు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని లాగి కప్పు పైకి వదిలేయాలి.

మృదుల భయమల్లా సభ గురించే. స్థలంలో విషముందని తన నోటితో చెబితే, అర్జీ పట్టుకొచ్చినవాళ్లకు కత్తి చేతికిచ్చినట్టే. ప్రాజెక్టు పోతుంది. టాన్యా లాంటివాళ్లు ఆ ఇరుకు గదుల్లోనే మగ్గాల్సి వస్తుంది.

సభ రోజు లైబ్రరీ హాలు కిటకిటలాడింది. ముందు వరసలో గౌరీశంకర్, పక్కన ఆయన స్నేహితుడు పద్మనాభం, ఆ వెనక మనవాళ్లందరూ. మృదుల మైకు ముందు నిలబడి, మొదట తను చేసిన తప్పు చెప్పింది. తర్వాత నేల సంగతి, గొట్టాల సంగతి, జైల్లో ఊపిరాడని గర్భిణి సంగతి చెప్పింది.

"విన్నారా!" అని పద్మనాభం చప్పట్లు కొట్టాడు. "ఇంకేం, క్యాన్సిల్ చేయండి!"

గౌరీశంకర్ లేచారు.

"ఆ ఆవిరి మా ఇళ్లకు వస్తుందా?" అని అడిగారు.

"రాదండీ. ఆ స్థలం దాటి పోవడం లేదు. పైన మూసిన భవనం కడితే అందులోకి చేరుతుంది."

"ఆ భవనానికి కిటికీలు తెరుచుకోవా?"

"తెరుచుకోవు."

ఆయన మైకు అందుకున్నారు.

"ఈ మందు నాకు తెలుసు. మా ప్లాంట్‌లో దాని డ్రమ్ములు ఆర్డర్ చేసింది నేనే. జనవరి చలిలో కూడా తలుపులు తీసిపెట్టుకునేవాళ్లం. లేకపోతే తల తిరిగి పడిపోయేవాళ్లం. తలుపు తీసుకునే వీల్లేని చోట దాన్ని పీలుస్తూ పడుకోవడమంటే ఏమిటో నాకు అర్థమవుతుంది." ఆయన చేతిలోని అర్జీ పైకెత్తి చూపించారు. "ఇన్ని సంతకాలు తెచ్చాం. మాకేమవుతుంది, మా పిల్లలకేమవుతుంది, మా ఇళ్ల రేటేమవుతుంది అని అడిగాం. మాకేమీ కాదట. అయ్యేదల్లా లోపలుండే ఆ ఆడపిల్లలకే. ఆ మాట మాలో ఒక్కరూ అడగలేదు. ఆ గొట్టాలు వేయండి, వాళ్ల గాలి కొలిచాకే వాళ్లను తీసుకురండి. అర్జీలో నా పేరు కొట్టేయండి."

నళిని ఆంటీ లేచి తన పేరు కూడా కొట్టేయమంది. మరికొందరు లేచారు. అందరూ లేచారంటే అబద్ధమవుతుంది, సగం మంది కుర్చీల్లోంచి కదల్లేదు. అయినా బోర్డు సభ్యులు గొట్టాల షరతుతో ప్రాజెక్టుకు ఒప్పుకున్నారు. ఆ గర్భిణి కోసం, భవనం తయారయ్యేదాకా ఆగకుండా, జైల్లోనే గాలి వచ్చే గది చూడాలని కూడా రాసుకున్నారు. మృదుల కుర్చీలో కూలబడి తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

పార్కింగ్ లాట్‌లో గౌరీశంకర్‌కు పద్మనాభం ఎదురొచ్చాడు. మొహం జేవురించి ఉంది.

"మొదలుపెట్టిందీ మీరే, ముంచిందీ మీరే! పర్యావరణం పర్యావరణం అంటూ ఖైదీల పక్షం చేరారు. మన పక్షాన ఎవరుంటారండీ?"

గౌరీశంకర్‌కు కోపం రాలేదు. స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశారు.

"గాలి బాగా లేకపోతే మనం ఇల్లు మారతాం పద్మనాభం, మనకా వీలుంది. కదలడానికి వీల్లేనివాళ్ల గాలి గురించి ముందు అడగాలి, అప్పుడే దాన్ని పర్యావరణ సమీక్ష అనాలి."