ఉత్తరీయము క్రింది మాట

వైశాఖమాస ప్రచండమార్తాండ కిరణములకు నేల పగిలి, సంతవీధిలో నెగసిన పసుపుధూళి యింటికప్పులను బాటసారుల కనుఱెప్పలను నొక్కరంగున ముంచుచుండ, మునిసిపల్ అధ్యక్షుని యెన్నికనాటి యుదయమున పసుపువర్తకుడు పుండరీకాక్షయ్య తన కొట్టు అరుగుపై గూర్చుండి పదునైదుగురు సభ్యులను మనసున తూచుచుండెను. గెలిచినచో కూలిపేటకు కుళాయి వేయింతునని యాతడు మాటయిచ్చియుండెను; ఆ పేట స్త్రీలు క్రోసెడు దూరమేగి నీరు మోయుచుండిరి. ప్రత్యర్థియగు వకీలు నృసింహారావు ఆ కుళాయి తన వీధికే వలయుననుచుండెను. తన్ను గలిపి యేడుగురు తనవారు. వకీలును గలిపి యేడుగురు వానివారు. మిగిలినవాడు పొగాకువర్తకుడు తిరుపతయ్య యొక్కడే.

పుండరీకాక్షయ్య కూతురు అలివేలునకు పదునాఱేండ్లు. ఏడవయేటినుండియు తండ్రికి పత్రికలు చదివి వినిపించుచు, బహిరంగసభలకు వెంట నేగుచు, మనుష్యుని మాటకంటె మాటాడునప్పటి చూపును గుర్తుంచుకొనుట యామె యాతనివలననే నేర్చినది.

అంతలో తిరుపతయ్య వచ్చెను. ఆ సంతలో ధర కుదుర్చుకొనువారు ఉత్తరీయము క్రింద చేతులు గలిపి వ్రేళ్లతోనే పలుకుట యాచారము. అఱచేయి నొక్కిరేని బేరము స్థిరము. ఆ వాడుకచొప్పుననే పుండరీకాక్షయ్య యోటు కోరుచు పైబట్ట చాచెను. తిరుపతయ్య దాని క్రింద నాతని యఱచేయి గట్టిగా నొక్కి, మజ్జిగ త్రాగి వెడలిపోయెను.

“నాన్నగారూ, మీ చెయ్యి నొక్కినంతసేపూ ఆయన చూపు వీధి వైపే ఉంది. నలుగురి ముందూ నోటితో అనిపించండి,” అని ప్రక్కనే పత్రిక పట్టుకొని కూర్చున్న అలివేలు పలికెను.

“ముప్పై ఏళ్లలో బట్ట కింద నొక్కిన చెయ్యి ఒక్కటీ తప్పలేదమ్మాయీ. మళ్లీ అడిగితే ఆయన్ని అవమానించినట్టు.”

సభామందిరమున స్త్రీలు కూర్చుండు వాడుక లేనందున నాతడొక్కడే యేగెను. పంకాత్రాటి కిఱుకిఱు తప్ప వేఱు సవ్వడి లేని యా గదిలో నాతని పేరు చదువబడినది. ఏడు చేతులు లేచెను. తిరుపతయ్య పొడుముడబ్బీ మూత తీయుచు తల యెత్తకుండెను. పుండరీకాక్షయ్య యా డబ్బీనుండి చూపు మరల్పలేకపోయెను. వకీలు పేరు వినబడగానే మూత పడినది, చేయి లేచినది.

మెట్లకడ తిరుపతయ్యయే దగ్గఱకు వచ్చెను. “శెట్టిగారూ, పసుపు బేరమైతే ప్రాణం పోయినా తప్పేవాణ్ణి కాను. ఇందులో సరుకేదండీ?”

ఇంటికి వచ్చి వీధియరుగుపై గూర్చుండిన తండ్రికి అలివేలు చెంబుతో నీరందించినది. నేననలేదా యని యడుగలేదు. వకీలునకు లేచిన యెనిమిదింటిలో నన్నిటికంటె నాలసించి లేచిన చేయి యెవరిదని మాత్ర మడిగినది.

ఆతడు చూడలేదు. కూతునకు తాను నేర్పిన విద్యను తానే యొక్కపూట మఱచి, పోయిన యొక్కనినే చూచుచు వకీలుపక్షమునుండి తనవైపు రాదగిన యాఱుగురిని చూడక వచ్చితినని యాతనికి పదవి పోవుటకంటె నెక్కువగా నొప్పి కలిగెను. చెంబులోని నీరు త్రాగబుద్ధి పుట్టలేదు.

“వచ్చే నెల సభకు నువ్వూ రా. కూర్చోడానికి బల్ల నేను వేయిస్తాను. కుళాయి సంగతి మళ్లీ ఎత్తుదాం,” అని యలవాటుచొప్పున నుత్తరీయము చాచి దాని క్రింద చేయి యుంచెను.

అలివేలు బట్టను ప్రక్కకు తొలగించి, తండ్రి యఱచేతిలో తన చేయి వైచినది. కడవలు మోయుచు నెండలో పోవుచున్న కూలిపేట స్త్రీలు నిలిచి యా రెండు చేతులను చూచిరి.