ఉంగరం కింద తడి

శనివారం సాయంత్రం ఉంగరాలు కడగడం నా పని. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు కృపావతి గారు దగ్గరుండి నేర్పారు. గోరువెచ్చని నీళ్లలో కాస్త కుంకుడు రసం కలిపి ఉంగరాన్ని నానబెట్టాలి. మెత్తటి బ్రష్షుతో లోపలా బయటా తోమాలి. మంచినీళ్లలో జాడించి, నూలుగుడ్డతో తడి లేకుండా తుడవాలి. మర్నాడు చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు వేలి మీద అది మెరుస్తుండాలని ఆవిడ ఉద్దేశం. స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్నారు కాబట్టి, కోడలి చేతులు కూడా పదిమందీ చూస్తారనేవారు.

కడగాల్సినవి రెండు. నాది నా వేలికి ఉంటుంది. మా ఆయన రత్నబాబుది బీరువాలో ఉంటుంది. ఆయన జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. ఉద్యోగంలో చేరిన రోజే సేఫ్టీ ఆఫీసరు ఆయన చెయ్యి చూసి, కరెంటు పని చేసేవాళ్లు ఉంగరాలు పెట్టుకోకూడదని చెప్పాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉంగరం తీసి నా చేతిలో పెట్టి, బీరువాలో పెట్టమన్నాడు. రూలు కదా, తప్పదు అన్నారు మా అత్తగారు కూడా. ఎవరికీ బాధ కలగలేదు. అప్పటినుంచి అది ఆదివారం పొద్దున బయటికొచ్చి మధ్యాహ్నానికి లోపలికి వెళ్లిపోయే ఉంగరం. దానికి దుమ్ము కూడా అంటదు. అయినా కడుగుతాను.

నా ఉంగరం సంగతి వేరు. దాని లోపలి వైపు ఆయన పేరులో ఒక అక్షరం, నా పేరులో ఒక అక్షరం చెక్కి ఉంటాయి. వారం తిరిగేసరికి ఆ రెండక్షరాలూ పూడుకుపోయి ఉంటాయి. దోసెల పిండి, బట్టల సబ్బు, పసుపు, బోర్డు మీద రాసే సుద్ద, చేపలు కడిగిన రోజు అయితే ఇంకేదో జిగట. పరిమళ అనే మనిషి వారమంతా ఏం చేసిందో ఎవరికైనా కావాలంటే ఆ మట్టిని చూపించొచ్చు. బ్రష్షుతో తోమి, ఆ మురికి నీళ్లు సింకులో పారబోసి, మళ్లీ వేలికి పెట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక శనివారం అలా ఉంగరం తీసినప్పుడు కింద చర్మం ఎర్రగా కనిపించింది. వేలి చుట్టూ సన్నటి పట్టీ కట్టినట్టుంది. దురద. రెండు వారాల్లో చర్మం పొరలుగా లేచి, నీరు కారడం మొదలైంది. సబ్బు పడలేదేమో, మార్చి చూడమన్నాడు మా ఆయన. మార్చాను. మా పుట్టిల్లు చెవిటికల్లులో మావాళ్లు చేయించిన బంగారంలో రాగి ఎక్కువైందేమో అన్నారు మా అత్తగారు. ఉంగరం చేయించి పదిహేనేళ్లు దాటింది, ఇన్నాళ్లూ లేని రాగి ఇప్పుడెక్కడినుంచి వచ్చిందని నేను అడగలేదు. మా ఆయన ఫ్యాక్టరీ స్టోరు నుంచి రబ్బరు గ్లౌజులు తెచ్చిచ్చాడు. తెచ్చినందుకు సంతోషించాను. కానీ బియ్యం కడగడానికీ, కూరలు తరగడానికీ వాటితో కుదిరేది కాదు. గిన్నెల దగ్గర తొడుక్కుంటే లోపల చెమట పట్టి వేలు ఇంకా నానేది. పనిమనిషిని పెట్టుకుందామా అని ఒకసారి అన్నాను. వంటింట్లోకి పరాయి మనిషి వస్తే తనకు ముద్ద దిగదన్నారు మా అత్తగారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఒక రెండో శనివారం బస్సెక్కి నందిగామ వెళ్లి, చర్మవ్యాధుల డాక్టరు ఫ్లోరెన్స్ గారికి చూపించాను. ఆవిడ వేలు అటూ ఇటూ తిప్పి చూసి, మీ చేతులు రోజులో ఎప్పుడెప్పుడు తడుస్తాయని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. లేవగానే అంట్లు, టిఫిను, క్యారేజీలు, బట్టలు. అక్కడినుంచి బస్సెక్కి నేను పాఠాలు చెప్పే వత్సవాయి హైస్కూలు. అక్కడ ఉన్నంతసేపే చేతులు ఆరి ఉంటాయి. తిరిగొచ్చాక కాఫీ గిన్నెలు, వంట, మళ్లీ అంట్లు, పొయ్యి గట్టు కడగడం. చెబుతుంటే నాకే కొత్తగా అనిపించింది. ఇంటి పని గురించి ఒకరు నన్ను ప్రశ్న అడిగి, జవాబు చివరిదాకా వినడం అంతకుముందు జరగలేదు.

“ఉంగరం తప్పేం లేదండి,” అన్నారు డాక్టరు గారు. “దాని కింద సబ్బునీళ్లు నిలబడిపోతున్నాయి. చర్మానికి ఆరే టైమే ఉండట్లేదు. ఆయింట్‌మెంట్ రాస్తా. కానీ ఉంగరమన్నా తియ్యాలి, తడి పనన్నా మానాలి. రెండూ ఆ వేలి మీదే ఉంటే ఇది తగ్గదు.”

తిరుగు బస్సులో నాకు ఆలోచించాల్సిందేమీ ఉన్నట్టు అనిపించలేదు. ఉంగరం తీయడం తేలిక. రెండో మాట నేను విన్నట్టే లేదు. వానలు పడకపోతే బాగుండునని ఎవరో అంటే విన్నట్టు విని వదిలేశాను.

ఇంటికొచ్చి ఉంగరం తీసి, బీరువాలో ఆయన ఉంగరం పక్కనే పెట్టాను. వారం రోజుల్లో వేలు చల్లబడింది. ఎర్రదనం తగ్గింది. కానీ సోమవారం స్టాఫ్‌రూములో సోషల్ మాస్టారు బుల్లిబాబు గారు నా చెయ్యి చూసి, “ఏంటండీ మేడం, వేలు బోసిగా ఉంది? సారుతో ఏమన్నా తేడా వచ్చిందా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ఆయన అదే మాట హెడ్‌మాస్టరు గారి ముందు అన్నారు. అప్పుడు కూడా నవ్వాను. బుల్లిబాబు గారి వేలికి ఉంగరం ఉందో లేదో నేను ఏనాడూ చూడలేదని ఆ తర్వాత తట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ మా అత్తగారిని పక్కకు పిలిచి ఏదో అడిగారు. ఇంటికొచ్చాక మా అత్తగారు అన్నం తినలేదు. కదిలిస్తే, “దేవుడి సన్నిధిలో తొడిగింది పరిమళా. గిన్నెల సబ్బుకి తీసేస్తారా ఎక్కడైనా?” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే బాధపడుతున్నారు.

మా ఆయన బీరువా తీసి నా ఉంగరం తెచ్చాడు. అమ్మ అన్నం మానేసి కూర్చుందనీ, ఉంగరం పెట్టుకునే ఆయింట్‌మెంట్ రాసుకోవచ్చనీ చెప్పాడు. మీరు ఫ్యాక్టరీ కోసం తీశారు కదా, నాకూ డాక్టరే చెప్పారు కదా అన్నాను.

“అది ప్రాణాల సంగతి పరిమళా,” అన్నాడు. “ఇది దురద.”

ఆయన నెమ్మదిగానే అన్నాడు. నన్ను కించపరచాలని కూడా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఉంగరం తీసుకుని పెట్టుకున్నాను. కణుపు దగ్గర పట్టేస్తే తిప్పి తిప్పి దించాను. మా అత్తగారు లేచి కంచం ముందు కూర్చున్నారు. ఆ తిన్న కంచం కూడా నేనే కడిగాను.

పది రోజుల్లో వేలు వాచింది. ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని పాఠం చెబుతుంటే, ఆ వేలు వంగక పుస్తకం జారేది. పిల్లలు తీసి ఇచ్చేవాళ్లు. ఇంట్లో మా అమ్మాయి జాయిస్ నేను చెప్పకుండానే సింకు దగ్గరకొచ్చి గ్లాసులూ ప్లేట్లూ కడగడం మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి. పిల్లకు ఎంత బాధ్యత తెలుసో అన్నాడు మా ఆయన. ఎంత మంచిపిల్లవో అని నేను కూడా దాని తల నిమిరాను.

ఒక సాయంత్రం మా అత్తగారు కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, వరండాలో నన్ను కూర్చోబెట్టి చెయ్యి ఒళ్లోకి తీసుకున్నారు. ఆవిడ చెయ్యి ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. వేళ్లు సన్నబడి ఉంగరం వదులైతే, జారిపోకుండా దానికి దారం చుట్టుకున్నారు. మామయ్య ఇశ్రాయేలు గారు పోయాక కూడా దాన్ని తీయలేదు. వాపు మీద నొప్పి తెలియకుండా నూనె రాస్తూ, తనకూ ఇలాగే ఉండేదని చెప్పారు. ఇదే వేలట. మామయ్యకి చూపిస్తే నీళ్లు పడలేదులే అనేవారట. ఎండాకాలం కొంచెం తగ్గి, వానలకు మళ్లీ లేచేదట. ఏళ్ల తరబడి ఓర్చుకుంటే, ఏ మందూ లేకుండా దానంతటదే మానిపోయిందట. నాదీ అలాగే మానుతుందని ధైర్యం చెప్పారు.

“ఎప్పుడు మానిందత్తయ్యా?” అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు. నా వేలు ఇంకెన్నాళ్లకు మానుతుందో తెలుస్తుందనుకున్నానేమో.

ఆవిడ నూనె రాస్తూనే గుర్తు చేసుకున్నారు.

“నువ్వు కాపురానికొచ్చిన ఏడాది.”

ఆవిడ బొటనవేలు నా వేలి మీద ఆగిపోయింది. ఆ మాట ఆవిడ కూడా అప్పుడే విన్నారు. వీధిలో పత్తి లోడు ట్రాక్టరు వెళ్తుంటే ఇద్దరం అటే చూశాం. అది వెళ్లిపోయాక, ఆవిడ చేతికి మిగిలిన నూనె పైటకొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లారు. ఆరోజు భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. ఆవిడ వేలు మానడానికి దేవుడూ మందూ కారణం కాదు, నేను. ఆవిడ చేతుల్లోంచి నీళ్లు నా చేతుల్లోకి వచ్చాయి, అంతే. మరి నా వేలు ఎప్పుడు మానుతుంది? ఆ ప్రశ్నకు జవాబు లోపల సింకు దగ్గర చప్పుడు చేస్తూ ఉంది. పుస్తకం మూసేసి వచ్చి గిన్నెలు తోముతోంది జాయిస్. ఎవరూ దాన్ని పిలవలేదు. అమ్మను చూసి జాలిపడి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత ఏదో ఊళ్లో ఏదో వరండాలో దాని ఉంగరం వేలు పట్టుకుని ఎవరో నూనె రాస్తారు. డాక్టరు చెప్పిన రెండో మాట అప్పుడు వినపడింది నాకు. నందిగామ నుంచి ఇంటిదాకా రావడానికి దానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆ ఆదివారం చర్చికి వెళ్లొచ్చి అందరం కలిసి భోజనం చేశాం. కోడికూర, పులుసు, పెరుగు. తిన్న చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకుని, హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కాసేపయ్యాక మా ఆయన మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి వచ్చాడు. గిన్నెలన్నీ అలాగే ఉన్నాయేంటి, పడుకుంటావా, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

“బాగానే ఉందండి,” అన్నాను. “డాక్టరు గారు రెండిట్లో ఏదో ఒకటి మానమన్నారు. ఉంగరం తియ్యొద్దన్నారు మీరంతా. తియ్యను. తడి పని మానేస్తున్నా.”

ఆయన నవ్వాడు, ఏదో సరదాకి అన్నాననుకుని. నేను నవ్వకపోయేసరికి ఎన్నాళ్లని అడిగాడు. వేలు మానేదాకా అన్నాను. మానాక మళ్లీ రాకుండా ఉండాలి కాబట్టి ఆ తర్వాత కూడా అన్నాను. వంట చేస్తాను, మిగతాది నా వల్ల కాదని చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో టైంటేబుల్ మారిందని చెప్పేటప్పుడు ఉన్నట్టే ఉంది.

జాయిస్ లేచి, నేను కడుగుతాలే మమ్మీ అంటూ వంటింటి వైపు వెళ్లబోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను.

“నువ్వు కాదమ్మా. కూర్చో.”

“మరెవరు?” అంది.

నిజంగానే తెలియక అడిగింది. నానమ్మ పెద్దావిడ, అమ్మకు వేలు బాగోలేదు, ఇంట్లో ఇంకెవరున్నారని ఆలోచించి, ఎవరూ తట్టక అడిగింది. ఆ పిల్ల ముఖంలో వెటకారం లేదు. ఆ జవాబు నేను చెప్పాల్సింది కాదనిపించింది. మా ఆయన నన్ను చూశాడు, తర్వాత సహాయం కోసం వాళ్లమ్మను చూశాడు. మా అత్తగారు తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాత తలెత్తారు.

“రత్నం,” అన్నారు కొడుకుతో. “లే.”