ఫ్రేములో పడినవాడు

బస్టాపు వెనక సందులో ఉన్న ఆ బ్యూటీ పార్లర్‌కి ఒకటే కుర్చీ, ఒకటే కిటికీ. పొద్దున షట్టర్ ఎత్తగానే ఆవిడ ముందు కిటికీకి కట్టిన తెల్లగుడ్డ సర్దేది. వెలుగు నేరుగా మొహం మీద పడితే మొటిమలన్నీ మైకు పెట్టుకుని అరుస్తాయని ఆవిడ లెక్క. కనుబొమలు తీయించుకోవడానికి వచ్చేవాళ్లకంటే సెల్ఫీ ఎలా తీసుకోవాలో నేర్చుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే అందరూ ఆవిణ్ని యాంగిలక్క అనేవాళ్లు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

"నీది గుండ్రటి మొహం. ఫోను కళ్లకంటే కాస్త పైకెత్తు. గడ్డం ముందుకి... అంత వద్దు, కొంగలా ఉన్నావ్. ఒక బుగ్గ మీదకి జుట్టు వదులు."

"మీది కోలమొహం వదినా, ఫోను పైకెత్తారంటే సొరకాయలా వస్తారు. కళ్లకి సమానంగా పట్టుకుని పళ్లు కనపడేలా నవ్వండి, బుగ్గలు విచ్చుకుంటాయి."

దవడలు పలకల్లా ఉన్నవాళ్లని కాస్త పక్కకి తిప్పేది. నుదురు వెడల్పుగా, గడ్డం సన్నగా ఉన్నవాళ్లకి ఫోను కిందకి దించేది.

ఇంకో రకం బేరాలు కూడా వచ్చేవి. దెబ్బతిన్న మొహంతో ఫోటో తీసుకుంటే కొట్టినవాడు కూడా అందులో పడతాడు కదా. వాడు ఊళ్లో ఉన్నా లేకపోయినా, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, కొరికిన పళ్లు కొరికినట్టే, పక్కన నిలబడి ఉంటాడు. వాపు తగ్గేదాకా అంతే. జలుబు చేస్తే ముక్కు కారినట్టు, దానికి ఎవరేం చేస్తారు? అలా పడినవాణ్ని ఫ్రేములోంచి తప్పించడంలోనే యాంగిలక్క పనితనమంతా ఉండేది.

ఆ రోజు టైలర్ భార్య కన్ను కమిలిపోయి వచ్చింది. చెల్లెలి పెళ్లిరోజుకి గ్రూపులో ఫోటో పెట్టాలట. ఫోను ఎత్తగానే టైలర్ గజంబద్దతో సహా ఆవిడ ఎడమ భుజం వెనక ప్రత్యక్షమయ్యాడు.

"ఈసారి గజంబద్దా?" అంది యాంగిలక్క.

"చేతికి కత్తెర దొరకలేదు, అదే నయం."

"ఎడమ భుజం వెనక్కి లాగు. ఇంకొంచెం. ఆఁ, పోయాడు. బద్ద కొస కనపడుతోంది, దాని మీదకి జుట్టు వెయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోటో ముచ్చటగా వచ్చింది.

ఆవిడ లేచాక కుర్చీలో కూర్చుంది మందుల షాపు పిల్ల. మెయిన్ రోడ్డు మీది షాపులో కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయి, ఇక్కడికి రావడం అదే మొదలు. తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది.

"నుదురు వెడల్పు, గడ్డం సన్నం. తమలపాకులాంటి మొహం. నీకు నేనెందుకే?" అంటూ యాంగిలక్క గడ్డం పట్టుకుని తిప్పబోయింది. పిల్ల "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. దట్టంగా రాసిన పౌడరు కింద, దవడ మీద వేళ్లు తేలి ఉన్నాయి.

"మెట్ల మీంచి పడ్డానక్కా."

"అలాగే. ఈమధ్య మెట్లకి కూడా వేళ్లొస్తున్నాయి," అని ఫోను ఎత్తింది.

తెర మీద కొట్టినవాడు పడ్డాడు. లిఫ్టు కంపెనీ నీలం చొక్కా, జేబులో టెస్టరు, మెడ మీద తాళ్లలా లేచిన నరాలు. మొహం ఎంత వికారంగా మెలితిరిగి ఉందంటే, ఆనవాలు పట్టడానికి ఆవిడకి కాసేపు పట్టింది. తన కొడుకు.

చెయ్యి మీద పాకే చీమని కూడా ఊదేవాడే కానీ నలిపేవాడు కాదు. కాలనీలో ముసలివాళ్లెవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే, తీసేదాకా తలుపు ఇవతల నించుని కబుర్లు చెప్పేవాడు. కొడుకులో ఆ మొహాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. పోయిన మొగుడిలో మాత్రం చాలాసార్లు చూసింది.

"ఎవరితను?" అంది.

"మేం పెళ్లి చేసుకుంటున్నాం. రిజిస్ట్రారాఫీసులో తేదీ కూడా ఇచ్చారు. మంచివాడే అక్కా, కోపం వస్తేనే..." పిల్ల ఒళ్లో చేతులు నలుపుకుంది. "ముందు వాళ్లమ్మకి నా ఫోటో చూపించాలన్నాడు. కాస్త బాగా తియ్యక్కా. ఆవిడకి నేను నచ్చాలి."

యాంగిలక్క చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఫోను కిందకి దించి, పిల్ల మొహాన్ని వెలుగు వైపు తిప్పి, కొడుకుని ఫ్రేములోంచి తోసేశాయి.

"ఎంత బాగా తీశావక్కా!" అని పిల్ల ఫోటో చూసుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం కొడుకు వచ్చి, బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని తల్లి పక్కన చతికిలబడ్డాడు. "అమ్మా, నీకొకళ్లని చూపిస్తా. వంకలు పెట్టకూడదు." ఫోను ముందుకి చాచాడు.

ఆవిడ చూసింది. "దవడ వాపు తగ్గిందట్రా?"

వాడి నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

"ఆ ఫోటో తీసింది నేనే. నువ్వూ పడ్డావు."

"దాని నోరు ఊరుకోదమ్మా. ఒకటంటే పది అంటుంది."

"రేపు వెళ్లి నేనెవరో దానికి చెప్తాను."

"ఏమని చెప్తావ్?" వాడు లేచాడు. "నాన్న మన ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా ఉన్నాడా? నా పుట్టినరోజు ఫోటోల్లో కూడా నీది సగం మొహమే. నువ్వు దాచుకుంటే కాపురం, అది దాచుకుంటే నేరమా?"

"నువ్వన్నది నిజమే. అందుకే చెప్తా."

పిడికిలి దవడ మీద పడింది. ఆవిడ గోడకి కొట్టుకుని, అక్కణ్నించి స్టూలు మీదకి, స్టూలుతో సహా నేల మీదకి వచ్చింది. నోట్లో రాయిలా ఏదో తగిలితే ఉమ్మింది. పన్ను. వాడు జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. "చెప్తావా? చెప్తావా?" అని ప్రతి దెబ్బకీ అడుగుతూనే ఉన్నాడు, జవాబు చెప్పడానికి సందు మాత్రం ఇవ్వలేదు. నెత్తురు జాకెట్టులోకి కారింది. పక్కింట్లో టీవీ సౌండు పెంచారు.

చెయ్యి నొప్పెట్టాక ఆగాడు. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి, ఆవిడ దవడకి పెడుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. "నాతో ఎందుకమ్మా ఇలా చేయిస్తావు?" వాళ్ల నాన్న కూడా అచ్చం ఇలాగే అనేవాడు.

పొద్దున వాడు పనికి వెళ్లాక ఆవిడ పార్లర్ తెరిచి, కిటికీ గుడ్డ పూర్తిగా లాగేసి, ఎండకి ఎదురుగా నిలబడింది. అటుగా వెళ్తున్న టైలర్ భార్య ఆగి నోరు నొక్కుకుంది.

"అయ్యో అక్కా! కుడివైపు తిరిగి తీసుకో, పడడు."

"పడనీ," అంది యాంగిలక్క.

చెయ్యి తిన్నగా చాచి, ఫోను కళ్లకి సమానంగా పట్టుకుని, నవ్వకుండా తీసుకుంది. ఉబ్బి పలకలైపోయిన మొహం, పగిలిన పెదవి, పక్కనే పిడికిలెత్తిన కొడుకు. కొస కూడా తెగకుండా వచ్చాడు.

మందుల షాపు ముందు జనం బారుగా నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్లని దాటుకుని వెళ్లి ఫోను కౌంటర్ మీద పెట్టింది. పిల్ల చేతిలో మాత్రల అట్ట అలాగే ఉండిపోయింది.

"ఇతను నీకేమవుతాడక్కా?"

"కన్నాను."

పిల్ల ఫోను దగ్గరికి లాక్కుని ఆ ఫోటో చూసింది. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

"కడుపుతీపి, తల్లీ. నోరు కట్టేసింది."

పిల్ల అక్కడే నిలబడి వాడికి ఫోను చేసింది. పెళ్లి లేదంది, ఇక రావద్దంది. అవతల్నించి వచ్చిన అరుపు బారు చివరిదాకా వినిపించింది.

వాడు పనిచేస్తున్న బిల్డింగు ఎదురుగుండానే ఉంది. రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి, బారుని చీల్చుకుని, కౌంటర్ మీదకి ఎగిరాడు. అద్దం పెటేలున పగిలింది. పిల్ల జడ చేతికి చుట్టుకుని, తల తీసుకెళ్లి అలమరాకేసి కొట్టాడు. సీసాలు దొర్లి పగిలాయి. ఎర్రటి దగ్గుమందు నేలంతా పారింది, ఏది మందో ఏది నెత్తురో తెలియకుండా. జనం ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు.

తల్లి వెనకనించి వాడి చేతికి వేలాడింది. మోచేత్తో పొడిచాడు, వదల్లేదు. ముంజేతిని కొరికింది. పట్టు సడలగానే పిల్ల మూల నిలబెట్టిన షట్టర్ కొక్కెం అందుకుంది. పొడుగాటి ఇనపకడ్డీ అది. రెండు చేతులా తిప్పి మోకాలి మీద కొట్టింది. ఎముక పుటుక్కుమంది. వాడు గాజుపెంకుల్లో బోర్లా పడ్డాడు. తల్లి వాడి వీపు మీద కూర్చుంది, పోలీసులు వచ్చేదాకా లేవలేదు. "అమ్మా, గుచ్చుకుంటోందే," అని వాడు ఏడుస్తుంటే, "ఊఁ," అంటూ వాడి జుట్టులోంచి ఒక్కో గాజుపెంకూ ఏరింది.

స్టేషన్లో కానిస్టేబుల్ ఆడవాళ్లిద్దర్నీ బల్ల మీద కూర్చోబెట్టి ఫోను ఎత్తాడు. తెర మీద వాడు రెండుసార్లు పడ్డాడు. తల్లి పక్కన పిడికిలితో ఒకడు, పిల్ల పక్కన జడ చుట్టుకున్న చేత్తో ఇంకొకడు.

"కవలలా?" అన్నాడు కానిస్టేబుల్.

"ఒక్కడే సార్," అంది పిల్ల.

"చివర ఉన్నవాడు తెగిపోతున్నాడే."

"ఫోను అడ్డంగా తిప్పండి బాబూ," అంది యాంగిలక్క, ఊడిన పన్ను సందులోంచి గాలిపోతుంటే. "కాస్త వెనక్కి జరగండి. మా మొహాలు ఎలా వచ్చినా పర్లేదు. వాడి చేతులు మాత్రం పూర్తిగా రావాలి."

కోర్టులో ఆ ఒక్క ఫోటోకే కేసు తేలిపోయింది. వాడి లాయరు కూడా పెద్దగా వాదించలేదు. అంతకు చాలా ముందే, రిజిస్ట్రారాఫీసువాళ్లు ఇచ్చిన తేదీనాడు పిల్ల ఎప్పటిలా షాపుకి వెళ్లి, కొత్త అద్దం బిగించేవాళ్లకి దగ్గరుండి కొలతలు చెప్పింది.

యాంగిలక్క నెలనెలా జైలుకి వెళ్లేది. చాన్నాళ్లు వాడు ఆవిణ్ని కలవడానికి రానేలేదు. ఆవిడ కటకటాల గది ముందు బెంచీ మీద గంట కొట్టేదాకా కూర్చుని వచ్చేసేది. వానాకాలంలో ఒకరోజు వచ్చాడు. కుంటుకుంటూ వచ్చి, ఊచలకి అవతల కూర్చుని, తల దించుకున్నాడు.

"ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నాడు.

"అది నీకు అక్కర్లేని సంగతి," అంది ఆవిడ. తర్వాత ఊచల్లోంచి చెయ్యి పెట్టి, వాడి చొక్కా కాలరు సరిచేసి, "తిన్నావా?" అని అడిగింది.